పౌలీ మర్రే: చట్టం గీసిన గీతల మధ్య

1940 మార్చి 23. తెల్లవారితే ఈస్టర్. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, పీటర్స్‌బర్గ్ ఊళ్లో ఒక గ్రేహౌండ్ బస్సు కదలకుండా ఆగిపోయింది. ఇద్దరు నల్లజాతి ప్రయాణికులను ఇంకా వెనక్కి వెళ్లి కూర్చోమన్నాడు డ్రైవరు. వెనక సీటు విరిగి ఉందని వాళ్లు కదల్లేదు. పోలీసులు వచ్చారు. వాదన సాగింది. చివరికి ఇద్దరినీ అరెస్టు చేసి జైలుకు తరలించారు. వారిలో ఒకరు అడెలీన్ మెక్‌బీన్. రెండోవారు 29 ఏళ్ల పౌలీ మర్రే. న్యూయార్క్ నుంచి డరమ్‌లోని పెద్దమ్మ ఇంటికి పండక్కి బయలుదేరిన ప్రయాణం అది.

అదే ఏడాది మే నెలలో 'ఆపర్చ్యూనిటీ' పత్రికలో 'కలర్ ట్రబుల్' అనే కథ అచ్చయింది. రాసిన హెరాల్డ్ గార్ఫింకెల్ అప్పటికి నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్ర విద్యార్థి. వర్జీనియా బస్సులో సీటు మారనని మొండికేసిన ఒక నల్లజాతి యువతి గురించిన కథ అది. పీటర్స్‌బర్గ్‌లో జరిగిందే దీనికి ఆధారమని చరిత్రకారులు భావిస్తున్నారు. అయితే కథలో ఆ యువతి పక్కన ఉన్నది మరో స్త్రీ కాదు, ఒక యువకుడు. కురచ జుట్టుతో, మగవాళ్ల దుస్తుల్లో తిరగడం ఆ రోజుల్లో మర్రేకు అలవాటే. చూసేవాళ్ల కంటికి యువకుడిలా కనిపించి ఉండాలి. ఆ గార్ఫింకెలే తర్వాత పేరుమోసిన సమాజశాస్త్రవేత్త అయ్యాడు. పుట్టుకతో పురుషుడిగా లెక్కించిన ఒక వ్యక్తి స్త్రీగా ఎలా నిలదొక్కుకున్నదీ 1967 నాటి తన పుస్తకంలో ఒక అధ్యాయమంతా చర్చించాడు. ఇంకో సంగతి కూడా ఉంది. గార్ఫింకెల్ చదువుతున్న ఆ విశ్వవిద్యాలయమే బస్సు ఘటనకు పదిహేను నెలల ముందు, సమాజశాస్త్రంలోనే పైచదువుకు దరఖాస్తు పెట్టిన మర్రేను నల్లజాతి మనిషన్న కారణంతో చేర్చుకోలేదు.

న్యాయశాస్త్ర చరిత్రలో మర్రే పేరు ఒక అధ్యాయంలో వస్తుంది, ట్రాన్స్ వ్యక్తుల చరిత్రలో మరో అధ్యాయంలో వస్తుంది. వీటిని విడివిడిగా చదివితే మనిషీ అర్థం కారు, ఆ మనిషి వాదనా అర్థం కాదన్నది నా అభిప్రాయం. మనుషులను చట్టం ఏ గదిలో పెట్టినా, ఆ గది ఎందుకు కట్టావని చట్టాన్నే నిలదీయాలని జీవితమంతా వాదించిన పండితులు మర్రే. ఆ ప్రశ్న పుస్తకాల్లోంచి మాత్రమే పుట్టలేదు.

ట్రాన్స్‌జెండర్ అనే మాటను మర్రే తన గురించి వాడలేదు. యవ్వనంలో ఆ మాట వాడుకలోనే లేదు. బయటి ప్రపంచంలో స్త్రీగానే బతికారు, స్త్రీల హక్కుల కోసం స్త్రీగానే గొంతెత్తారు. లోలోపల తాను పురుషుడినన్న నమ్మకంతో ఏళ్ల తరబడి వైద్యుల చుట్టూ తిరిగారు. అందుకే ఇక్కడ ఆమె అనీ, ఆయన అనీ తేల్చకుండా పేరుతోనే చెబుతున్నాను.

పుట్టింది 1910 నవంబర్ 20న, మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్‌లో. తల్లిదండ్రులు పెట్టిన పేరు అన్నా పౌలీన్. తల్లి ఆగ్నెస్ నర్సు, తండ్రి విలియం ఉపాధ్యాయుడు. మూడేళ్ల వయసులోనే తల్లి పోయింది. పిల్లను నార్త్ కరొలైనాలోని డరమ్‌కు, అమ్మమ్మ తాతయ్యల ఇంటికి తీసుకెళ్లారు. స్కూలు టీచరైన పెద్దమ్మ పౌలీన్ డేమ్ పెంచి, తర్వాత దత్తత తీసుకుంది. టైఫాయిడ్ తాలూకు బలహీనతతో, మనోవ్యాధితో కుంగిపోయిన తండ్రిని నల్లజాతివారి కోసం నడిపే ప్రభుత్వ పిచ్చాసుపత్రిలో చేర్చారు. 1923లో అక్కడి తెల్లజాతి కాపలాదారు ఒకడు బేస్‌బాల్ బ్యాట్‌తో కొట్టి ఆయన్ని చంపాడు. అప్పటికి మర్రేకు పన్నెండేళ్లు. తనకూ ఎప్పటికైనా మతి చెడుతుందేమోనన్న భయం ఆనాటి నుంచి దశాబ్దాలపాటు వెంటాడింది. వైద్యుల దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ ఈ భయం కూడా వెంట వెళ్లింది.

ఇంట్లో అమ్మమ్మ కొర్నీలియా, తాత రాబర్ట్ ఫిట్జెరాల్డ్ ఇద్దరూ సజీవ చరిత్రలు. తాత అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం తరఫున పోరాడి, యుద్ధం ముగిశాక విముక్తులైన బానిసలకు చదువు చెప్పడానికి దక్షిణాదికి వచ్చిన మనిషి. ముసలితనంలో చూపు పోయింది. మనవసంతానం పక్కన కూర్చుని పేపరు చదివి వినిపించేది. అమ్మమ్మది ఇంకో కథ. ఆమె తల్లి హారియెట్, చాపెల్ హిల్ దగ్గర స్మిత్ కుటుంబానికి బానిస. ఆ ఇంటి కొడుకు సిడ్నీ స్మిత్ హారియెట్‌పై చేసిన అత్యాచారం ఫలితంగా కొర్నీలియా పుట్టింది. సిడ్నీ సోదరి మేరీ రఫిన్ స్మిత్ ఆ పిల్లను తన ఇంట్లోనే పెంచింది. పెంచింది అన్నమాటే గాని, కాగితాల్లో కొర్నీలియా ఆమె ఆస్తి. తన మేనకోడలిని తానే బానిసగా పెట్టుకున్న మేరీ స్మిత్, చివరికి పొలాల్లో పెద్ద భాగాన్ని నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయానికి రాసిచ్చింది. మర్రేను లోపలికి రానివ్వనిది ఈ విశ్వవిద్యాలయమే.

డరమ్‌లో హైస్కూలు ముగించాక, నల్లవారికి వేరుగా పెట్టిన కాలేజీలో చదవనని పట్టుబట్టి న్యూయార్క్ చేరారు. 1933లో హంటర్ కాలేజీ నుంచి ఇంగ్లీషులో పట్టా వచ్చింది. ఈ మధ్యకాలంలోనే అన్నా పౌలీన్ కాస్తా 'పౌలీ'గా మారింది. ఆడపేరో మగపేరో చప్పున తేలని పేరు కావాలనే ఎంచుకున్నారు. 1930లో జరిగిన పెళ్లి నాలుగు రోజులు కూడా సరిగా నిలవలేదు, చాలా ఏళ్లకు చట్టప్రకారం రద్దయింది. పెళ్లయిన మరుసటి సంవత్సరం కాలిఫోర్నియా నుంచి న్యూయార్క్‌కు గూడ్సు రైళ్లెక్కి, అబ్బాయి వేషంలో దేశం దాటి వచ్చారు. మహామాంద్యం రోజులవి. పనికోసం వేలాది మంది కుర్రాళ్లు అలాగే తిరిగేవాళ్లు, వారిలో ఒకరిగా కలిసిపోయారు. ఆ ప్రయాణం మీద రాసిన రచన 1934లో నాన్సీ క్యూనార్డ్ సంకలనం 'నీగ్రో'లో అచ్చయింది. కథ చెప్పే పాత్ర ఒక కుర్రాడు.

ఆ రోజుల ఫొటో ఆల్బమ్ ఒకటి మిగిలి ఉంది. మర్రే స్వయంగా అతికించి, ఒక్కో ఫొటో కింద ఒక్కో పేరు రాసుకున్నారు. ఒక చోట అల్లరి పిల్లాడు, ఒక చోట షోకిలా, ఇంకో చోట 'పీట్' అనే కుర్రాడు. టోపీ పెట్టుకుని, జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడిన ఆ ఫొటోల్లో దాపరికం లేదు, సరదా కనిపిస్తుంది. తర్వాతి కాలపు అధికారిక ఫొటోల్లో ఆ సరదా నాకు కనబడలేదు.

ఆ సరదాకు పక్కనే బాధ. మర్రే ప్రేమించింది స్త్రీలను. కాని తనను స్వలింగ ప్రేమికులతో కలిపి చూడడాన్ని మాత్రం ఒప్పుకోలేదు. స్త్రీని ప్రేమిస్తున్న పురుషుడినే తానని అనుకున్నారు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని లైంగిక శాస్త్రం మీద దొరికినదల్లా చదివారు. 1937 డిసెంబర్‌లో లాంగ్ ఐలాండ్‌లో చికిత్స పొందుతూ, వైద్యులను అడగాల్సిన ప్రశ్నలను టైపు చేసుకున్నారు. ఆ కాగితం ఇప్పటికీ ఉంది. ప్యాంటు వేసుకోవాలని, మగవాళ్లలో ఒకడిగా మెలగాలని ఎందుకనిపిస్తుంది? మామూలు స్త్రీలా సర్దుకుపోవడం కన్నా పురుషుడిగా మారే ప్రయోగమే ఎందుకు ఇష్టం? పరిశోధకులు తమ విషయాన్ని చూసినట్టు తన శరీరాన్నీ మనసునూ ఎదురుగా పెట్టుకుని చూసే చూపు ఆ ప్రశ్నల్లో ఉంది. 1939లో పురుష హార్మోన్ ప్రయోగాల గురించి వార్త చూడగానే తనకూ ఇవ్వమని వైద్యులను అడిగారు. ఇవ్వలేదు. తన కడుపులో పైకి కనబడని పురుషాంగ భాగాలు ఉన్నాయేమో పరీక్షించమని కోరారు. అలాంటివేమీ లేవని తేలింది. 1940 మార్చి మొదట్లో మానసికంగా కుప్పకూలి న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో చేరారు. అక్కడి నుంచి బయటపడ్డ కొద్ది రోజులకే పీటర్స్‌బర్గ్ బస్సు.

బస్సుకు ముందు జరిగిన మరో పోరాటం చెప్పాలి. 1938 డిసెంబర్ 5న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ ఆ సంస్థ ఉదార భావాలను మెచ్చుకున్నాడు. మర్రే మర్నాడే ఆయనకు లేఖ రాసి, ఆ ఉదారత నల్లజాతి విద్యార్థికి వర్తిస్తుందా అని అడిగారు. నకలు ఒకటి ఆయన భార్య ఎలినార్‌కు పంపారు. అధ్యక్షుడి నుంచి ఉలుకూ పలుకూ లేదు, ఎలినార్ మాత్రం జవాబిచ్చింది. ఆ జవాబుతో మొదలైన స్నేహం, వాదులాటలతో సహా, 1962లో ఎలినార్ చనిపోయేదాకా నడిచింది. డిసెంబర్ 12న సుప్రీంకోర్టు గెయిన్స్ కేసులో తీర్పునిస్తూ, తెల్లవారికి న్యాయకళాశాల నడిపే మిస్సోరి రాష్ట్రం నల్లవారికీ రాష్ట్రంలోనే ఆ చదువు అందించాలంది. రెండు రోజులకు మర్రేకు తిరస్కారపు ఉత్తరం వచ్చింది. మీ జాతివారిని చేర్చుకోం అన్నది దాని సారం. నల్లజాతీయుల హక్కుల సంఘం ఈ కేసు చేపట్టలేదు. మర్రే అప్పటికి న్యూయార్క్ నివాసి, కేసు నిలబడదన్నారు.

పీటర్స్‌బర్గ్ జైల్లో మర్రే చేసిన పని మన దేశంతో నేరుగా ముడిపడి ఉంది. దండి ఉప్పు సత్యాగ్రహ యాత్రలో నడిచిన కృష్ణలాల్ శ్రీధరాణి అమెరికాలో చదువుకుంటూ 1939లో 'వార్ వితౌట్ వయొలెన్స్' ప్రచురించాడు. సత్యాగ్రహాన్ని భక్తి విషయంగా గాక, మెట్టు మెట్టుగా నడిపే పద్ధతిగా వివరించిన పుస్తకం అది. మర్రేకు, మెక్‌బీన్‌కు అది చేతిపుస్తకమైంది. జైల్లో పడగానే ఏం జరిగిందో పూసగుచ్చినట్టు రాసిపెట్టారు, అధికారులకు మర్యాదగా విన్నపాలు పంపారు, తోటి ఖైదీలతో మాట కలిపారు. కోర్టులో రాష్ట్రం తెలివిగా ప్రవర్తించింది. బస్సుల్లో వేర్పాటు చట్టాన్ని అతిక్రమించారన్న ఆరోపణ వదిలేసి, అల్లరి చేశారన్న చిన్న నేరం కిందే శిక్షించింది. దాంతో అసలు చట్టాన్ని పై కోర్టులో సవాలు చేసే దారి మూసుకుపోయింది. అదే వర్జీనియాలో 1944లో అరెస్టయిన ఐరీన్ మోర్గన్ కేసులో, 1946లో సుప్రీంకోర్టు రాష్ట్రాల మధ్య తిరిగే బస్సుల్లో వేర్పాటు చెల్లదంది.

న్యాయవాది కావాలన్న నిశ్చయం ఒక మరణశిక్షతో గట్టిపడింది. వర్జీనియాలో ఓడెల్ వాలర్ అనే నల్లజాతి పాలికాపు పంట వాటా గొడవలో తెల్లజాతి భూస్వామిని కాల్చాడు. ఓటుపన్ను కట్టగలిగినవారి నుంచే ఏరిన జ్యూరీ అతనికి మరణశిక్ష వేసింది. అతని ప్రాణం కోసం మర్రే ఊరూరా తిరిగి చందాలు పోగుచేశారు. 1942 జూలై 2న వాలర్‌ను విద్యుత్ కుర్చీలో చంపారు. అప్పటికే మర్రే వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం మొదటి ఏడు పూర్తిచేశారు.

హోవర్డ్ నల్లజాతివారి మేధో కేంద్రం. ఇక్కడ జాతి అడ్డుకాదు. తీరా మొదటి రోజే ఒక ప్రొఫెసర్, ఆడవాళ్లు న్యాయకళాశాలకు ఎందుకొస్తారో తనకు అంతుబట్టదని తరగతిలో అన్నాడు. అబ్బాయిలు నవ్వారు. ఆ తరగతిలో స్త్రీగా నమోదైనది మర్రే ఒక్కరే. దక్షిణాది వేర్పాటు వ్యవస్థకు జనం పెట్టుకున్న పేరు 'జిమ్ క్రో'. స్త్రీలపై సాగే అదే తరహా వేర్పాటుకు మర్రే 'జేన్ క్రో' అని పేరు పెట్టారు. లోపల తాను స్త్రీని కాదనుకునే మనిషికి స్త్రీ అన్న కారణంగా జరిగిన అవమానం ఎలాంటిదో ఊహించి చూడండి. ఆ అవమానం నుంచి తనొక్కరే తప్పించుకోవాలని చూడకుండా, దాని మీద సిద్ధాంతం నిర్మించారు. మర్రేలో నేను గౌరవించేది ముందుగా దీన్నే.

1943 ఏప్రిల్‌లో హోవర్డ్ విద్యార్థులు దగ్గర్లోని లిటిల్ ప్యాలెస్ అనే ఫలహారశాలకు వెళ్లారు. తెల్లవారికే వడ్డించే చోటు అది. చిన్న చిన్న జట్లుగా వెళ్లి తిండి అడగడం, కాదంటే ఖాళీ ప్లేట్లు ముందు పెట్టుకుని కూర్చుని పుస్తకాలు చదువుకోవడం ప్రణాళిక. బయట మరికొందరు అట్టలు పట్టుకుని నిలబడ్డారు. న్యాయ సలహా మర్రేది: రాజధానిలో వేర్పాటును తప్పనిసరి చేసే చట్టమేదీ లేదు, కనక అరెస్టులకు ఆధారం దొరకదు. రెండు రోజుల్లో యజమాని లొంగాడు. మరుసటి ఏడాది థామ్సన్స్ అనే పెద్ద హోటలులోనూ ఇదే పని చేశారు. అక్కడా వడ్డించారు. ఇంతలో విశ్వవిద్యాలయం యాజమాన్యం జోక్యం చేసుకుని ఆందోళన ఆపించింది. హోవర్డ్‌కు నిధులిచ్చేది అమెరికా కాంగ్రెస్, అందులో దక్షిణాది సభ్యుల బలం ఎక్కువ. అదే థామ్సన్ సంస్థ మీద నడిచిన మరో కేసులో 1953లో సుప్రీంకోర్టు, ఎనభై ఏళ్లుగా మరుగునపడిన సమాన సేవల చట్టం ఇంకా బతికే ఉందని తేల్చింది. ఇలా కూర్చుని చేసే నిరసనలకు 1960 నాటి గ్రీన్స్‌బరో విద్యార్థుల ధర్నానే తొలి ఘట్టంగా చరిత్ర పుస్తకాలు చెబుతాయి. పదిహేడేళ్ల ముందే ఈ ఖాళీ ప్లేట్లు ఉన్నాయి.

చివరి సంవత్సరం తరగతిలో మర్రే ఒక వాదన లేవదీశారు. వేరుగా ఉంచినా సమానంగా ఉంచితే చాలని 1896లో ప్లెస్సీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నల్లజాతి న్యాయవాదులంతా 'మాకిచ్చినది సమానంగా లేదు' అని నిరూపించే పనిలో ఉన్నారు. మర్రే అన్నది వేరు: సమానమా కాదా అన్న లెక్క వదిలేయండి, వేరు చేయడమే తప్పని కొట్టండి. తరగతి నవ్వింది. పాతికేళ్లలో ప్లెస్సీ తీర్పు కూలుతుందని మర్రే అధ్యాపకుడు స్పాట్స్‌వుడ్ రాబిన్సన్‌తో 10 డాలర్ల పందెం కాశారు. ఆ వాదనను పరిశోధన వ్యాసంగా రాసిచ్చారు. 1954లో బడుల్లో వేర్పాటు చెల్లదన్న బ్రౌన్ కేసు తీర్పుతో పందెం గెలిచారు. ఆ కేసు సిద్ధం చేసేటప్పుడు రాబిన్సన్ తన పాత విద్యార్థి వ్యాసాన్ని వెతికి బయటికి తీశాడనీ, న్యాయవాదుల బృందం దాన్ని చదివిందనీ మర్రేకు తెలిసింది దాదాపు పదేళ్ల తర్వాత.

1944లో తరగతిలో ప్రథమస్థానం, రోజెన్‌వాల్డ్ ఫెలోషిప్ వచ్చాయి. ఆ ఫెలోషిప్ వచ్చినవారు హార్వర్డ్‌కు వెళ్లడం ఆనవాయితీ. హార్వర్డ్ న్యాయకళాశాల అప్పటికి స్త్రీలను చేర్చుకోదు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సిఫారసు చేసినా లాభం లేకపోయింది. అప్పీలు చేస్తూ మర్రే రాసిన ఉత్తరంలో ఒక మాట ఉంది: మీ నిబంధనలకు సరిపడేలా నా లింగాన్ని సంతోషంగా మార్చుకుంటాను, కాని ఆ మార్గమేదో నాకింకా తెలియలేదు కాబట్టి మీ అభిప్రాయాన్నే మార్చుకోవలసిందిగా కోరుతున్నాను, అన్నది దాని తాత్పర్యం. చాలాకాలం దీన్ని చమత్కారంగానే చదివారు. హార్మోన్ల కోసం అడిగి లేదనిపించుకున్న ఉత్తరాలు బయటపడ్డాక అలా చదవడం సాధ్యం కాదు. హార్వర్డ్ అధికారులకు వ్యంగ్యంగా తోచిన ఆ వాక్యం మర్రేకు అక్షరాలా నిజం. బర్క్‌లీలో పై పట్టా తీసుకుని, 1946లో కాలిఫోర్నియా రాష్ట్ర డిప్యూటీ అటార్నీ జనరల్ అయ్యారు. నల్లజాతి నుంచి ఆ పదవిలోకి వచ్చినవారిలో మర్రే మొదటివారు.

1951లో వచ్చిన 'స్టేట్స్ లాస్ ఆన్ రేస్ అండ్ కలర్' మర్రే జీవితంలోని పెద్ద పని. మెథడిస్టు చర్చి మహిళా విభాగానికి ఒక చిన్న అవసరం వచ్చింది. తమ సభల్లో నల్లవారిని, తెల్లవారిని కలిపి కూర్చోబెట్టాలనుకున్నారు. ఎక్కడ అది నిజంగా చట్టవిరుద్ధం, ఎక్కడ కేవలం అలవాటు? చిన్న కరపత్రం సరిపోతుందనుకున్నారు. మర్రే అన్ని రాష్ట్రాల శాసనాలనూ తవ్వి 746 పేజీల గ్రంథం ఇచ్చారు. పేజీలు తిప్పితే వేర్పాటు ఎంత సూక్ష్మాల్లోకి పోయిందో కనిపిస్తుంది. బడులు, రైళ్లు, ఆసుపత్రులు, పెళ్లిళ్లు సరే. ఓక్లహోమాలో టెలిఫోన్ బూత్‌లు వేరు. ఫ్లోరిడాలో నల్ల పిల్లలు వాడిన పాఠ్యపుస్తకాలను తెల్ల పిల్లల పుస్తకాలతో కలిపి భద్రపరచకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, నల్లజాతి మనిషి అంటే ఎవరన్న నిర్వచనం. ఒక రాష్ట్రంలో ఎనిమిదో వంతు రక్తం ఉంటే నల్లజాతి, వర్జీనియాలో ఆనవాలు దొరికితే చాలు. సరిహద్దు దాటితే చట్టం దృష్టిలో మనిషి జాతే మారిపోవచ్చు. ప్రకృతి సిద్ధమని చెప్పే విభజన కలంతో గీసినదని ఈ గ్రంథం ఒక్క వ్యాఖ్య లేకుండా చూపించింది. బ్రౌన్ కేసు నడిపిన థర్‌గుడ్ మార్షల్ దీన్ని తమ బైబిల్ అన్నాడు.

కమ్యూనిస్టుల వేట సాగిన మెకార్థీ కాలంలో కార్నెల్ విశ్వవిద్యాలయం మర్రేకు ఉద్యోగం ఇవ్వలేదు, పూర్వ పరిచయాలు అనుమానాస్పదమన్నారు. సిఫారసు చేసినవారు ఎలినార్ రూజ్‌వెల్ట్, థర్‌గుడ్ మార్షల్, ఫిలిప్ రాండాల్ఫ్! తనను తాను నిరూపించుకోమన్న దేశానికి జవాబుగా తన వంశ చరిత్ర రాశారు. అదే 1956లో వచ్చిన 'ప్రౌడ్ షూస్'. బానిసల యజమానులూ బానిసలూ ఒకే రక్తంగా ఉన్న కుటుంబాన్ని దాచకుండా చెప్పిన తొలి నల్లజాతి కుటుంబ చరిత్రల్లో ఒకటి. అలెక్స్ హేలీ 'రూట్స్'కు ఇరవై ఏళ్ల ముందు రచన. ఈ కాలంలోనే థైరాయిడ్ జబ్బు బయటపడి శస్త్రచికిత్స జరిగింది, మానసిక ఉద్వేగాల తీవ్రత తగ్గింది. ఒక న్యూయార్క్ న్యాయసంస్థలో పనిచేస్తుండగా పరిచయమైన ఐరీన్ బార్లో 1973లో మరణించేదాకా జీవిత సహచరి. ఘనాలో కొంతకాలం న్యాయశాస్త్రం బోధించి, 1965లో యేల్ నుంచి న్యాయశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. నల్లజాతి అమెరికన్లలో యేల్ నుంచి ఆ పట్టా పొందిన తొలివారు మర్రే.

1964లో పౌరహక్కుల బిల్లు కాంగ్రెస్ ముందుంది. ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే ఏడో అధ్యాయంలో జాతి, రంగు, మతం, పుట్టిన దేశంతో పాటు ప్రతినిధుల సభలో 'సెక్స్' అన్న మాటా చేరింది. సెనేట్‌లో తీసేస్తారన్న భయం. మర్రే ఒక మెమొరాండం రాసి సెనేటర్లకు, న్యాయశాఖకు, అధ్యక్షుడి భార్యకు అందేలా చూశారు. వాదన ఇది: నల్లజాతి స్త్రీకి ఉద్యోగం ఇవ్వనప్పుడు జాతి వల్లనా, స్త్రీ అయినందువల్లనా అని విడదీయడం కుదరదు. ఆ మాట తీసేస్తే జాతివివక్ష నిషేధం కూడా ఆమెకు సగమే అందుతుంది. ఆ మాట చట్టంలో నిలిచింది. మరుసటి ఏడాది మేరీ ఈస్ట్‌వుడ్‌తో కలిసి రాసిన 'జేన్ క్రో అండ్ ద లా' వ్యాసం చట్టం ముందు సమాన రక్షణ ఇచ్చే 14వ రాజ్యాంగ సవరణను స్త్రీపురుష విభజనకు ఎలా అన్వయించాలో చూపింది. 1971లో రీడ్ కేసులో సుప్రీంకోర్టు మొదటిసారి స్త్రీలపట్ల వివక్ష చూపిన చట్టాన్ని కొట్టేసినప్పుడు, వాదనపత్రం రాసిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ దాని ముఖపత్రం మీద మర్రే పేరునూ డొరొతీ కెన్యన్ పేరునూ చేర్చింది. ఇద్దరూ ఆ పత్రం రాయడంలో పాలు పంచుకోలేదు. ఆలోచన ఎవరిదో చెప్పడానికే ఆ పేర్లు.

బార్లో మరణశయ్య దగ్గర ప్రార్థన చెప్పడానికి మతగురువు లేక, ఆ పని మర్రేనే చేశారు. ఆ తర్వాత బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ పదవి వదిలి, 62 ఏళ్ల వయసులో ఎపిస్కోపల్ సెమినరీలో చేరారు. 1977 జనవరి 8న వాషింగ్టన్ జాతీయ కెథడ్రల్‌లో గురుపట్టాభిషేకం జరిగింది. ఫిబ్రవరి 13న చాపెల్ హిల్‌లోని చాపెల్ ఆఫ్ ద క్రాస్‌లో తొలిసారి ప్రభుభోజన ఆరాధన నడిపారు. 1854లో బానిస పిల్లగా కొర్నీలియాకు బాప్తిస్మం ఇచ్చిన చర్చి అది. మర్రే అమ్మమ్మ బైబిల్ తెచ్చుకుని చదివారు. బైబిల్ పెట్టుకున్న పీఠం మీద మేరీ రఫిన్ స్మిత్ పేరు చెక్కి ఉంది. తర్వాతి ఏడాది నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయం గౌరవ పట్టా ఇస్తామంది. అప్పటికీ ఆ వ్యవస్థ వేర్పాటు తొలగింపుపై కేంద్రంతో పేచీ పడుతూనే ఉంది. నలభై ఏళ్ల కిందట అడిగిన చోటు నుంచి వచ్చిన పట్టాను మర్రే వద్దన్నారు.

1985 జూలై 1న పిట్స్‌బర్గ్‌లో మర్రే మరణించారు. రెండేళ్ల తర్వాత వచ్చిన ఆత్మకథలో హార్మోన్ల మాట లేదు, వైద్యుల మాట లేదు, బార్లో స్నేహితురాలు మాత్రమే. కాని 130కి పైగా పెట్టెల కాగితాలను మర్రే స్వయంగా సర్ది హార్వర్డ్‌లోని ష్లెసింగర్ గ్రంథాలయానికి అప్పగించారు. వైద్యులను అడిగిన ప్రశ్నలు, ఆల్బమ్, ఉత్తరాలు అన్నీ అందులో ఉన్నాయి. వృత్తిరీత్యా సాక్ష్యం విలువ తెలిసిన మనిషి వాటిని పొరపాటున వదిలేశారనుకోలేం. రోజలిండ్ రోజెన్‌బర్గ్ 2017లో రాసిన జీవితచరిత్ర ఆ పెట్టెల మీద ఆధారపడింది. ఆ రచయిత్రి మర్రేను ఆమె అనే రాసింది. డరమ్‌లోని పౌలీ మర్రే కేంద్రం వయసును బట్టి సర్వనామాలు మార్చి వాడుతుంది. నల్లజాతి ట్రాన్స్ పండితుల్లో సి. రైలీ స్నార్టన్ లాంటివారు బానిసత్వ చరిత్రనూ లింగ చరిత్రనూ విడదీసి చదవలేమంటారు. కొర్నీలియా మనవసంతానం జీవితం చదివాక ఆ మాట కాదనడం నాకు చేతకాదు.

మిషిగన్‌లో అంత్యక్రియల సంస్థలో పనిచేసే ఎయిమీ స్టీఫెన్స్ తాను ట్రాన్స్ మహిళనని, ఇకపై స్త్రీగానే ఉద్యోగానికి వస్తానని 2013లో యజమానికి ఉత్తరం రాసింది. ఉద్యోగం పోయింది. మరి రెండు కేసులతో కలిపి ఇది సుప్రీంకోర్టుకు చేరింది. 2020 జూన్ 15న 6-3 ఆధిక్యంతో వచ్చిన బోస్టాక్ తీర్పు, ట్రాన్స్ వ్యక్తి అని ఉద్యోగం తీసేయడం 1964 చట్టం ఏడో అధ్యాయాన్ని ఉల్లంఘించడమేనంది. కోర్టు ఆధారపడ్డది అందులోని ఒక్క మాట మీద. సెనేట్‌లో తీసెయ్యొద్దని మర్రే మెమొరాండం రాసింది ఆ మాట కోసమే.